తాళంచెవి ఇచ్చిన చేయి

ఆదివారం దివ్యబలిపూజ ముగిసి జనం గుడి మెట్లు దిగే సమయాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. మీ విచారణ కరీంనగర్‌లో ఉండవచ్చు, గోదావరిఖనిలో ఉండవచ్చు, మంచిర్యాలలోనో ఆదిలాబాద్‌లోనో ఉండవచ్చు. ఎక్కడైనా దృశ్యం ఒకటే. పెద్దలు గురువుగారి దగ్గర ఆశీర్వాదం తీసుకుంటారు. స్త్రీలు చెట్టు నీడన నిలబడి మంచిచెడ్డలు మాట్లాడుకుంటారు. ఇంతలో ఒక తండ్రి జేబులోంచి మోటారుసైకిల్ తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెడతాడు. "పో బిడ్డా, అవ్వను, చెల్లెను ఇంటికాడ దింపి రా" అంటాడు. ఆ బిడ్డ చదివేది తొమ్మిదో తరగతి. బండి మీద కూర్చుంటే కాలి వేళ్లు మాత్రమే నేలకు తగులుతాయి. పక్కన ఉన్నవారు "మీవాడు పెద్దోడైండు" అంటారు. తండ్రి ముఖంలో చిన్న గర్వం మెరుస్తుంది.

అక్కడ ఉన్న మనలో ఎవరమూ వద్దనము. అది తప్పు అన్న ఆలోచనే మనకు రాదు. ఈ వారం ఆ తాళంచెవి గురించే మీతో కాసేపు మాట్లాడాలనుకుంటున్నాను.

2022 జనవరి 30వ తేదీ. ఆ రోజు కూడా ఆదివారమే. గాంధీజీ వర్ధంతి. తెల్లవారి ఇంకా పొగమంచు వీడలేదు. కరీంనగర్ పట్టణంలో కమాన్ ప్రాంతంలో రోడ్డు పక్కన, ఇనుప పనిముట్లు చేసుకుని పొట్టపోసుకునే పేద కుటుంబాల వారు ఉన్నారు. వేగంగా వచ్చిన ఒక కారు అదుపు తప్పి వారి మీదికి దూసుకుపోయింది. నలుగురు స్త్రీలు చనిపోయారు. మరికొందరు గాయపడ్డారు. కారు నడిపింది తొమ్మిదో తరగతి చదువుతున్న బాలుడు. అతని వెంట అదే ఈడు స్నేహితులు ఇద్దరున్నారు. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడని పోలీసులు చెప్పారు. ముగ్గురూ కారు అక్కడే వదిలి పారిపోయారు. తరువాత ఆ ముగ్గురు పిల్లలనూ, బాలుని తండ్రినీ పోలీసులు అదుపులోకి తీసుకున్నారు.

ఆ బాలుని పేరు నేను రాయను. చట్టం కూడా రాయనివ్వదు. పేరు మనకు అవసరమూ లేదు. ఎందుకంటే అటువంటి బాలుడు మన వీధిలో ఉన్నాడు, మన గుడిలో బలిపీఠం దగ్గర సేవ చేసే పిల్లల్లో ఉన్నాడు, బహుశా మన ఇంట్లోనే ఉన్నాడు. ఆలోచించవలసిన సంగతి వేరే ఉంది. పదునాలుగు పదిహేనేళ్ల బిడ్డ ఒక చెడ్డ నిర్ణయం తీసుకున్నాడు. దాని ఫలితం అతను మోయలేనంత పెద్దదయింది. ఇప్పుడు ఆ బరువు ఎవరు మోయాలి? ఆ బిడ్డను ప్రేమించే తల్లిదండ్రులు ఏం చేయాలి? బరువును అతని భుజం మీదినుంచి తీసివేయడమా ప్రేమ? అతన్ని మోయనివ్వడమా ప్రేమ?

నిర్ణయం ఒకటే, ఫలితం వేరు

మొదట ఒక మాట నిజాయితీగా ఒప్పుకుందాం. ఆ తెల్లవారుజామున ఆ బాలుడు నలుగురిని చంపాలని నిర్ణయించుకోలేదు. కారు తీయాలని మాత్రమే నిర్ణయించుకున్నాడు. స్నేహితుల ముందు నడిపి చూపించాలని అనుకుని ఉంటాడు. అదే ఉదయం మన రాష్ట్రంలో లైసెన్సు లేని పిల్లలు ఇంకెంతమంది బండ్లు తీసి ఉంటారు! పాల ప్యాకెట్టుకని, ట్యూషన్‌కని, క్రికెట్‌కని. వారందరి నిర్ణయమూ కరీంనగర్ బాలుని నిర్ణయం వంటిదే. వారు క్షేమంగా ఇంటికి చేరారు. అతను చేరలేదు. వారి దారిలో ఆ క్షణాన ఎవరూ అడ్డు రాలేదు, అంతే తేడా.

నా సంగతే చెప్పుకుంటాను. చాలా ఏళ్ల క్రితం ఒక రాత్రి మా ఇంట్లో పెద్దావిడకు జ్వరం ఎక్కువైంది. నాకు ఒంట్లో బాగాలేదు. మా అక్క కొడుకు సెలవులకు వచ్చి ఉన్నాడు. వాడికి పదిహేనేళ్లు. నేనే వాడి చేతికి స్కూటర్ తాళంచెవి ఇచ్చి మందుల దుకాణానికి పంపాను. వాడు పావుగంటలో మందులతో తిరిగి వచ్చాడు. "శభాష్" అని వీపు తట్టాను. కమాన్ దగ్గర జరిగిన వార్త చదివిన రోజు ఆ రాత్రి నాకు గుర్తుకు వచ్చింది. నేను చేసిన పని మంచి పని అని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి ఆ రాత్రి ఆ రోడ్డు మీద ఎవరూ లేకపోవడం నా పుణ్యం కాదు. ఏమీ జరగలేదు కనుక అది తప్పు కాదని లెక్క వేసుకున్నాను. మన లెక్కలన్నీ ఇలాగే ఉంటాయి. చెడు జరిగితే తప్పు, జరగకపోతే తెలివి!

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఈ విషయాన్ని స్పష్టంగా చెబుతుంది. కోరి చేయకపోయినా, ముందుగా ఊహించగలిగిన కీడుకు, తప్పించగలిగి కూడా తప్పించనివాడు బాధ్యుడే. దీనికి ఆ గ్రంథం ఇచ్చే ఉదాహరణ తాగి వాహనం నడిపి ఇతరుల మరణానికి కారణమైనవాడు. మరొక చోట, తాగిన మైకంలోగాని వేగం మోజులోగాని రోడ్ల మీద తమ ప్రాణాలకూ ఇతరుల ప్రాణాలకూ ముప్పు తెచ్చేవారు ఘోరమైన తప్పిదం చేసినవారవుతారని చెబుతుంది. గమనించండి, అక్కడ ప్రమాదం జరిగి తీరాలన్న షరతు లేదు. ముప్పు తేవడమే తప్పిదం.

ఈ కొలతతో చూస్తే తప్పు రెండు చోట్ల ఉంది. తెలిసి కారు తీసిన బిడ్డలో కొంత ఉంది. బిడ్డకు తాళంచెవి అందేలా చేసిన పెద్దల చేతిలో ఎక్కువ ఉంది. పదునాలుగేళ్ల బిడ్డకు బ్రేకు ఎక్కడుందో తెలిసినా ఆపదలో కాలు ఎటు పోతుందో తెలియదు. అది పెద్దవారికి తెలిసి ఉండాలి.

గుంపులో ధైర్యం

ఆ కారులో ముగ్గురు పిల్లలు ఉన్నారన్న సంగతి మరచిపోకండి. ఒంటరిగా ఉంటే ఆ బాలుడు ఆ ఉదయం కారు తీసేవాడా? నాకు అనుమానమే.

పునీత అగస్టీను వారు తన జీవిత కథలో పదహారేళ్ల వయసులో చేసిన ఒక దొంగతనం గురించి రాసుకున్నారు. ఆయన పుట్టిన ఊరు తగస్తే. అది నేటి అల్జీరియా దేశంలో ఉంది. వారి ద్రాక్షతోట పక్కన ఒక బేరి చెట్టు ఉండేది. ఒక రాత్రి తోటి కుర్రవాళ్లతో కలిసి ఆ చెట్టు కాయలన్నీ రాల్చి మోసుకుపోయారు. వారికి ఆకలి లేదు. ఆ కాయలు రుచికరమైనవీ కావు. చాలా మట్టుకు పందులకు పారవేశారు. ముప్పై ఏళ్ల తరువాత, మేత్రాణులుగా ఉన్న ఆయన ఆ చిన్న దొంగతనాన్ని తలచుకుని పేజీలకు పేజీలు బాధపడ్డారు. ఒంటరిగా ఉంటే ఆ పని చేసి ఉండేవాడిని కాదని ఆయన తేల్చారు. పోదాం పద అని పక్కవాడు అన్నప్పుడు, సిగ్గు విడవకపోతేనే సిగ్గుచేటు అనిపించే వయసు అది.

కొన్ని కాయల కోసం అంత బాధ ఎందుకు అని చదివినవారికి అనిపించవచ్చు. ఆయన బాధ కాయల గురించి కాదు. తప్పు అని తెలిసి, అవసరం లేకపోయినా, కేవలం తోడు ఉన్నారు కనుక చేశాడు. ఆ రోజు పోయింది కాయలు మాత్రమే. కరీంనగర్‌లో నాలుగు ప్రాణాలు పోయాయి. లోపల జరిగిన సంగతి మాత్రం రెండు చోట్లా ఒకటే. అందువల్ల మన పిల్లలకు "బండి తీయవద్దు" అని చెప్పడం ఒక్కటే చాలదు. స్నేహితుల ముందు "నేను రాను" అనగలిగే ధైర్యాన్ని కూడా చిన్ననాటినుంచే నేర్పాలి. ఇంట్లో మన మాటకు ఒక్కసారైనా కాదనే అవకాశం ఇవ్వని బిడ్డ బయట స్నేహితునికి కాదని ఎలా చెప్పగలడు?

చట్టం ఏం చెబుతుంది?

చాలామంది తల్లిదండ్రులకు ఈ చట్టాలు తెలియవు కనుక క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనిదే కారుకు గాని మామూలు మోటారుసైకిల్‌కు గాని లైసెన్సు రాదు. 50 సీసీ మించని చిన్న బండికి మాత్రం 16 ఏళ్లు చాలు. 2019లో ఈ చట్టాన్ని సవరించి కొత్త నిబంధన చేర్చారు. మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే అతని సంరక్షకుడు లేదా వాహన యజమాని నేరస్థుడుగా పరిగణింపబడతారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉండవచ్చు. ఆ వాహనం రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దవుతుంది. ఆ బిడ్డకు 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. తనకు తెలియకుండా జరిగిందనీ, తాను తగిన జాగ్రత్త తీసుకున్నాననీ రుజువు చేసుకోవలసిన భారం పెద్దవారిదే. తాళంచెవి గోడకు మేకు మీద వేలాడుతుంటే ఆ రుజువు ఎలా చూపుతాం?

బిడ్డ విషయంలో వర్తించేది 2015 నాటి బాలల న్యాయ చట్టం. బిడ్డను మామూలు కోర్టుకు తీసుకుపోరు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు ఉండే బాలల న్యాయ మండలి ముందు నిలబెడతారు. మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, జరిమానా, మంచి ప్రవర్తన షరతు మీద పర్యవేక్షణలో విడుదల, చివరకు గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉంచడం, ఇవి మండలి చేతిలో ఉన్న మార్గాలు. 16 ఏళ్లు దాటినవారు అతి ఘోరమైన నేరం చేస్తే పెద్దవారితో సమానంగా విచారించే వీలు ఉంది. పదహారు లోపు పిల్లలకు ఆ ప్రశ్నే లేదు. బాల్యంలో పడ్డ ఆ మచ్చ ఉద్యోగానికీ చదువుకూ జీవితాంతం అడ్డు రాకూడదన్నది ఈ చట్టం ఉద్దేశం.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. చనిపోయిన స్త్రీల పిల్లలు మన ముందుకు వచ్చి, "మా అవ్వ తిరిగి రాదు. ఆ పిల్లవానికి మాత్రం బతుకంతా మిగిలే ఉన్నది. ఇది న్యాయమేనా?" అని అడిగితే మనం ఏం చెబుతాం? ఈ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. ఉన్నదని చెప్పేవారిని నమ్మకండి. క్షమాపణ గురించి మనం గొప్పగా మాట్లాడవచ్చు, కాని వారి తరఫున క్షమించే హక్కు మనకు లేదు. మనం అనగలిగింది ఇంతే. ఆ బిడ్డ బతుకు మిగిలి ఉంది కనుకనే ఆ బతుకు మీద వారికి హక్కు ఉంది. బిడ్డను నాశనం చేస్తే వారికి ఒరిగేదేమీ లేదు. బిడ్డ ఏమీ జరగనట్టు తిరిగితే వారికి రెండోసారి అన్యాయం జరిగినట్టు. చట్టం బిడ్డకు ఇచ్చిన దయ, చేసినదాన్ని మరచిపోవడానికి ఇచ్చిన సెలవు చీటీ కాదు. చేసినదాన్ని మోస్తూ మంచి మనిషిగా ఎదగడానికి ఇచ్చిన గడువు అది.

అడ్డుగా నిలబడటం, పక్కన నిలబడటం

బిడ్డ తప్పు చేసి ఇంటికి వచ్చినప్పుడు తల్లిదండ్రుల గుండెలో మొదట పుట్టేది భయం. ఆ భయంలో మొదటి ఆలోచన దాచడం. "ఎవరైనా చూసిండ్రా? ఎవరికన్నా చెప్పినవా?" బిడ్డ చేసినదాని గురించి అడగకముందే ఈ రెండు ప్రశ్నలు నోట్లోంచి వచ్చేస్తాయి.

2024 మే 19న పుణేలో జరిగింది దేశమంతా చూసింది. అర్ధరాత్రి దాటాక పదిహేడేళ్ల బాలుడు నడుపుతున్న ఖరీదైన కారు మోటారుసైకిల్‌ను ఢీకొంది. ఇద్దరు యువ ఇంజనీర్లు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, చనిపోయారు. కొద్ది గంటల్లోనే బెయిలు వచ్చింది. రోడ్డు ప్రమాదాల గురించి 300 పదాల వ్యాసం రాయాలన్నది బెయిలు షరతుల్లో ఒకటి. ఆ షరతు విని దేశం ఆగ్రహించింది. తరువాత బయటపడిన ఆరోపణలు మరింత బాధ కలిగించాయి. బాలుని రక్త నమూనాను మార్చారని, నేరం తన మీద వేసుకోమని ఇంటి డ్రైవర్‌ను ఒత్తిడి చేశారని కేసులు పెట్టారు. తండ్రి, తల్లి, తాత కూడా అరెస్టు అయ్యారు. బాలుడు పరిశీలన గృహంలో కొన్నాళ్లు ఉన్న తరువాత హైకోర్టు అతన్ని విడుదల చేసి బంధువు సంరక్షణకు అప్పగించింది.

ఆ ఆరోపణల నిజానిజాలు న్యాయస్థానాలు తేలుస్తాయి. మనం మన ఇంటి గురించి ఆలోచిద్దాం. పేదవారమైన మనకు రక్త నమూనాలు మార్పించే శక్తి లేకపోవచ్చు. కాని మన స్థాయిలో మనమూ అదే చేస్తాం. బిడ్డ పరీక్షలో చీటీ పెట్టి దొరికితే హెడ్మాస్టరు దగ్గరికి పోయి, "మావాడు అటువంటివాడు కాడు, పక్కవాడే విసిరిండు" అని వాదిస్తాం. బిడ్డ పక్కింటి పిల్లవాని తల పగలగొడితే, "ముందు వాడే అన్నాడట" అంటాం. బిడ్డ ఇంట్లో డబ్బు తీస్తే పనిమనిషిని అనుమానిస్తాం. ప్రతిసారీ బిడ్డ ఒక పాఠం నేర్చుకుంటాడు. తప్పు చేసినప్పుడు దానికి ఖరీదు చెల్లించే మనిషి ఒకరు ఉంటారు, ఆ మనిషి తాను కాదు. అది బాపు కావచ్చు, పనిమనిషి కావచ్చు, డ్రైవర్ కావచ్చు. ఎక్కువగా అది మనకంటే పేదవారే అవుతారు.

బిడ్డకూ ఫలితానికీ మధ్య అడ్డుగా నిలబడే తండ్రి ప్రేమతోనే నిలబడతాడు. నేను కాదనను. కాని అలా నిలబడినప్పుడు ఆయన బిడ్డ ముఖం చూడలేడు, వీపు మాత్రమే అటు తిప్పి ఉంటాడు. వెనుక ఉన్న బిడ్డ ఏమవుతున్నాడో ఆయనకు తెలియదు. పక్కన నిలబడే తండ్రి బిడ్డ చేయి పట్టుకుని పోలీసు స్టేషన్‌కు, బడికి, బాధితుల గుమ్మానికి నడుస్తాడు. ఆ నడక చాలా కష్టం. అందులో బిడ్డకంటే తండ్రికే ఎక్కువ అవమానం. అయినా ఆ నడకలోనే బిడ్డ మనిషి అవుతాడు.

గాంధీజీ తన ఆత్మకథలో ఒక సంఘటన చెప్పుకున్నారు. పదిహేనేళ్ల వయసులో, తన అన్న చేసిన సుమారు 25 రూపాయల అప్పు తీర్చడం కోసం అన్న కడియంలోంచి కొంత బంగారం దొంగిలించారు. అప్పు తీరింది గాని మనసు ఊరుకోలేదు. తండ్రి అప్పటికి జబ్బుతో మంచం పట్టి ఉన్నారు. నోటితో చెప్పే ధైర్యం లేక ఒక చీటీ మీద తన తప్పు అంతా రాసి తండ్రి చేతికి ఇచ్చారు. తగిన శిక్ష వేయమని అడిగారు. తన తప్పుకు తండ్రి తనను తాను శిక్షించుకోవద్దని వేడుకున్నారు. తండ్రి చదివారు. కన్నీళ్లు చీటీ మీద రాలాయి. కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి చీటీ చించివేశారు. కొట్టలేదు, తిట్టలేదు.

ఈ కథను కొందరు "చూశారా, తండ్రి ఏమీ అనలేదు, వదిలేశాడు" అని చెబుతారు. నాకు అలా కనిపించదు. అక్కడ శిక్ష జరగవలసిన చోట ముందే జరిగిపోయింది. ఎవరూ పట్టుకోకముందే బిడ్డ తనంతట తాను వచ్చి నిజం చెప్పాడు. తండ్రి కన్నీరు చూశాడు. ఆ కన్నీటి బరువు బెత్తానికి ఉండదు. తండ్రి ఆ తప్పును కొట్టివేయలేదు, దానికి తన దుఃఖంతో విలువ కట్టి బిడ్డకు చూపించాడు.

భయం గుమ్మం దగ్గరే ఉంటే

అయితే ఒక మాట. ఆ బాలుడు చీటీ తీసుకుని తండ్రి మంచం దగ్గరికి ఎందుకు పోగలిగాడు? తనను కొడతాడన్న భయం లేదనీ, తండ్రికి బాధ కలుగుతుందన్న దిగులే తనకు ఉన్నదనీ ఆయనే రాశారు. మన పిల్లలకు అటువంటి తండ్రి మంచం ఉందా?

2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాతి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో ఎన్నో పొరపాట్లు దొర్లాయని తరువాత తేలింది. ఆ పిల్లలు చేసిన నేరం ఏమీ లేదు. అయినా ఇంటికి వచ్చి "తప్పిన" అని చెప్పడం కంటే చావు సులువనిపించింది కొందరికి. ఏ తప్పూ చేయని బిడ్డకే అంత భయం ఉంటే, నిజంగా తప్పు చేసిన బిడ్డ సంగతి ఏమిటి? సెల్‌ఫోన్‌లో పందెం ఆడి ఫీజు డబ్బు పోగొట్టిన బిడ్డ, బండి గుద్ది పారిపోయి వచ్చిన బిడ్డ, ఏ రాత్రి ఏ ఆలోచనతో పడుకుంటున్నాడో మనకు తెలుసా?

అందుకే ఫలితాన్ని మోయించే ముందు తలుపు తెరిచి ఉంచాలి. "ఏం చేసినా సరే, ముందు ఇంటికి రా. నాకే ముందు చెప్పు. చెప్పిన తరువాత ఏం చేయాలో ఇద్దరం కలిసి చేద్దాం" అన్న మాట మన పిల్లలకు తప్పు జరగకముందే, మామూలు రోజున, అన్నం తింటూ ఉండగా చెప్పి ఉంచాలి. తప్పు జరిగిన రోజు చెబితే ఆ మాట వారి చెవికి చేరదు. బిడ్డ మాటలో, నడతలో దిగులు కనిపిస్తే ఒంటరిగా వదలకండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలిమానస్ సేవలో శిక్షణ పొందినవారు ఉచితంగా మాట్లాడతారు. పిల్లల ఆపదలకు 1098 నంబరు ఉంది. ఈ రెండు నంబర్లూ వంటింటి గోడ మీద రాసి పెట్టుకోండి.

తిరిగి ఇవ్వలేనిదాన్ని తిరిగి ఇవ్వడం

పాపసంకీర్తనంలో మూడు మెట్లు ఉన్నాయని ఉపదేశిగారి దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నాం. పశ్చాత్తాపం, ఒప్పుకోలు, ప్రాయశ్చిత్తం. మొదటి రెండూ మనకు బాగా గుర్తుంటాయి. మూడో దాన్ని మూడు మంగళవార్త జపాలకు కుదించుకున్నాం. పాపవిమోచనం పాపాన్ని తీసివేస్తుంది గాని పాపం చేసిన నష్టాన్ని దానంతటదే సరిచేయదని శ్రీసభ స్పష్టంగా చెబుతుంది. దొంగిలించినది తిరిగి ఇవ్వాలి. పాడుచేసిన పేరును నిలబెట్టాలి. జక్కయ ఇంటికి యేసు ప్రభువు భోజనానికి వచ్చినప్పుడు జక్కయ లేచి నిలబడి, మోసం చేసి తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ప్రభువు తనను అంగీకరించాడు కదా, ఇంకెందుకు అని ఊరుకోలేదు.

బంగారం తిరిగి ఇవ్వవచ్చు. ప్రాణం ఎలా తిరిగి ఇస్తాం? ఇవ్వలేము. ఆ మాటను బిడ్డకు దాచకుండా చెప్పాలి. "పోనీలే బిడ్డా, మరచిపో" అని చెప్పే తల్లి ఆ బిడ్డకు మేలు చేయడం లేదు. అతను మరచిపోలేడు. మరచిపోయినట్టు నటిస్తాడు. ఆ నటన ఏదో ఒక రోజు అతన్ని తినివేస్తుంది.

మరి ఏం చేయగలడు? దారి పొడవైనదైనా ఉంది. మొదట, జరిగింది జరిగినట్టు చెప్పాలి. మంచు అనో, స్నేహితుడు అన్నాడనో, రోడ్డు బాగాలేదనో కాకుండా, "నేను నడిపిన, నేను పారిపోయిన" అని. రెండోది, నష్టపరిహారం విషయంలో కుటుంబం కోర్టు మెట్ల మీద బాధితులను ఏళ్ల తరబడి తిప్పకుండా తన వంతు చెల్లించాలి. లైసెన్సు లేనివారు నడిపిన బండి అయితే, బీమా కంపెనీ ముందు చెల్లించినా యజమాని దగ్గర వసూలు చేసుకునే హక్కు దానికి ఉండవచ్చు. అప్పుడు పొలం అమ్మవలసి రావచ్చు. అమ్మాలి. బిడ్డ అది చూడాలి. మూడోది, బిడ్డ తన సొంత కష్టంతో ఏదైనా చేయాలి. సెలవుల్లో ఆసుపత్రిలో గాయపడినవారి దగ్గర పని చేయవచ్చు. పెద్దయి సంపాదించిన రోజున ఆ ఇళ్లలో ఒక బిడ్డ చదువు భారం ఎత్తుకోవచ్చు. వారు ఒప్పుకుంటేనే. వారు తలుపు వేస్తే ఆ వేసిన తలుపును కూడా భరించాలి. క్షమించమని అడగవచ్చు గాని, క్షమాపణను వసూలు చేయరాదు.

ఇదంతా పదిహేనేళ్ల బిడ్డ ఒంటరిగా చేయలేడు. అందుకే పక్కన తల్లిదండ్రులు ఉండాలి, చుట్టూ విచారణ ఉండాలి. మన మధ్య అటువంటి కుటుంబం ఉంటే మనం ఏం చేస్తాం? గుడిలో వారు కూర్చున్న బెంచీ ఖాళీ అవుతుంది. వెనుక గుసగుసలు మొదలవుతాయి. కొద్ది రోజులకు వారు పూజకు రావడమే మానేస్తారు. అదే సమయంలో, చనిపోయినవారి ఇంటికి దినాల తరువాత మనలో ఎవరూ పోరు. రెండు ఇళ్లకూ పోవలసిన బాధ్యత మనకు ఉంది. ముందు ఏ ఇంటికి అని అడిగితే, నా మట్టుకు చనిపోయినవారి ఇంటికే. బియ్యం సంచితో, బిడ్డల ఫీజు డబ్బుతో. అక్కడికి పోయి వచ్చిన కాళ్లతో రెండో ఇంటికి పోతే, అక్కడ ఏం మాట్లాడాలో మనకు తెలుస్తుంది.

ప్రియ పాఠకులారా, ఈ పత్రిక మీ చేతికి వచ్చే ఆదివారం కూడా పూజ ముగుస్తుంది. గుడి ఆవరణలో బండ్లు వరుసగా నిలిచి ఉంటాయి. మీ బిడ్డ చేయి చాపుతాడు. స్నేహితులు చూస్తూ ఉంటారు కనుక ఆ చేయి కొంచెం గర్వంగానే ముందుకు వస్తుంది. "ఇంకా మూడేండ్లు ఆగు బిడ్డా. నడుచుకుంట పోదాం, నేను కూడ వస్త" అనండి. వాడు మూతి ముడుస్తాడు. స్నేహితుల ముందు చిన్నబోతాడు. ఆ చిన్నబోవడాన్ని భరించడం నేర్పండి. వాడితో పాటు నడవండి. దారిలో కమాన్ దగ్గర చనిపోయిన ఆ నలుగురి సంగతి చెప్పండి. వారూ ఆ ఆదివారం పొద్దున మనలాగే రోజు మొదలుపెట్టినవారేనని చెప్పండి.

తాళంచెవి మీ జేబులోనే ఉండనివ్వండి.